వంశపారంపర్య క్యాన్సర్ జన్యు పరీక్ష గురించి మాట్లాడటం వైద్య సిబ్బందికి నేర్పడం ఎలా?

క్యాన్సర్ విభాగాలు నడిపేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "జన్యు పరీక్ష గురించి మా డాక్టర్లకూ నర్సులకూ ఏం నేర్పాలి, ఏ వరుసలో నేర్పాలి?" చాలాచోట్ల జన్యుశాస్త్రం మీద గంటసేపు స్లైడ్లు చూపించి చేతులు దులుపుకుంటారు. ఆ గంట తర్వాత జన్యువుల పేర్లు నోటికి వస్తాయి. ఎదుట కూర్చున్న మనిషి "అయితే మా పాపకు కూడా వస్తుందా?" అని అడిగితే మాత్రం నోట మాట రాదు.

అందుకే ఈ మార్గదర్శిలో లెక్క ఇలా ఉంటుంది: శిక్షణ సమయంలో మూడో వంతు విషయానికి, మిగిలిన రెండు వంతులు నోరు తెరిచి మాట్లాడే సాధనకు.

1. ఎవరు ఎంతవరకు మాట్లాడాలో ముందే తేల్చుకోండి

అందరికీ అన్నీ నేర్పబోతే ఎవరికీ ఏదీ సరిగ్గా అబ్బదు. సిబ్బందిని మూడు అంచెలుగా విడదీయండి.

మొదటి అంచె గుర్తించేవాళ్ళది. వార్డు నర్సులు, సాధారణ వైద్యులు ఇందులోకి వస్తారు. కుటుంబ చరిత్రలో అనుమానించాల్సిన సంగతులను పసిగట్టి పైకి పంపడం వీళ్ళ పని.

రెండో అంచె పరీక్ష చేయించేవాళ్ళది. ఆంకాలజిస్టులు, సర్జన్లు, గైనకాలజిస్టులు, క్యాన్సర్ నర్సులు. పరీక్షకు ముందు మాట్లాడటం, అనుమతి తీసుకోవడం, చిక్కులేని ఫలితాలు చెప్పడం వీళ్ళ బాధ్యత. లండన్‌లోని రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రి అండాశయ క్యాన్సర్ విషయంలో ఈ దారినే పట్టింది. అక్కడ పరీక్షను క్యాన్సర్ బృందమే చేయిస్తుంది, జన్యువులో హానికర మార్పు (క్యాన్సర్ ముప్పు పెంచే తేడా) బయటపడినవాళ్ళు జన్యు విభాగానికి వెళ్తారు. ఈ మార్గదర్శి ప్రధానంగా ఈ రెండో అంచె కోసమే.

మూడో అంచె జన్యు నిపుణులు, జెనెటిక్ కౌన్సెలర్లు. కింది సందర్భాల్లో రెండో అంచెవాళ్ళు సొంతంగా ముందుకు వెళ్ళకూడదు. ఈ జాబితాను అచ్చువేసి గోడకు అంటించండి.

☐ 18 ఏళ్ళలోపు పిల్లలకు పరీక్ష అడిగినప్పుడు
☐ టీపీ53 (చాలా రకాల క్యాన్సర్లు), సీడీహెచ్1 (జీర్ణాశయ, రొమ్ము క్యాన్సర్లు) లాంటి జన్యువుల్లో హానికర మార్పు కనిపించినప్పుడు
☐ గర్భిణిగా ఉన్నప్పుడు, లేదా పుట్టబోయే బిడ్డకు సంక్రమించే విషయం చర్చకు వచ్చినప్పుడు
☐ కుటుంబ చరిత్ర బలంగా ఉండీ ఫలితంలో ఏమీ తేలనప్పుడు
☐ ఎముక మజ్జ మార్పిడి జరిగిన వ్యక్తి అయినప్పుడు (రక్తంలో, లాలాజలంలో దాత డీఎన్‌ఏ ఉంటుంది కాబట్టి నమూనా చర్మం నుంచి తీయాల్సి రావచ్చు)
☐ తీవ్రమైన కుంగుబాటు, ప్రాణహాని ఆలోచనలు కనిపించినప్పుడు

2. శిక్షణకు ముందు చేతిలో ఉండాల్సినవి

☐ మీ ల్యాబ్ ఇచ్చిన అసలు రిపోర్టులు, పేర్లూ గుర్తులూ తీసేసినవి, అన్ని రకాల ఫలితాలవీ ఒక్కొక్కటి
☐ మీరు వాడే అనుమతి పత్రం
☐ ఒక పేజీ ముప్పు పట్టిక
☐ ఖాళీ వంశవృక్ష పత్రాలు
☐ బంధువులకు ఇచ్చే ఉత్తరం నమూనా
☐ జన్యు నిపుణులను ఎవరి ద్వారా, ఎలా సంప్రదించాలో రాసిన కాగితం
☐ బీమా, ఉద్యోగ వివక్ష గురించి మీ దేశ చట్టం ఏం చెబుతోందో ఒక పేరాలో

చివరి అంశాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఉదాహరణకు అమెరికాలో 2008లో వచ్చిన జన్యు వివక్ష నిరోధక చట్టం ఆరోగ్య బీమాకూ ఉద్యోగానికీ వర్తిస్తుంది, జీవిత బీమాకు వర్తించదు. "బీమాకేం ఇబ్బంది ఉండదండీ" అని గుడ్డిగా చెప్పే డాక్టరు ఆ కుటుంబాన్ని ఇరకాటంలో పెట్టినట్టే.

ల్యాబ్‌ను కూడా ముందే మూడు ప్రశ్నలు అడిగి పెట్టుకోండి. జన్యువులో పెద్ద ముక్కలు ఎగిరిపోయినా, రెట్టింపైనా ఈ పరీక్షలో దొరుకుతుందా? ఫలితం ఎన్నాళ్ళకు వస్తుంది? అనిశ్చితమన్న మార్పు (హానికరమో కాదో ఇంకా తెలియనిది) గురించి తర్వాతెప్పుడో స్పష్టత వస్తే మాకు తెలియజేస్తారా? మూడో ప్రశ్నకు జవాబు లేకుండా శిక్షణ మొదలుపెట్టొద్దు.

3. విషయ జ్ఞానం: ఒక పూట చాలు

ఈ భాగాన్ని ముందుగా చదువుకుని రమ్మని ఇచ్చేయండి. తరగతిలో సందేహాలు మాత్రమే తీసుకోండి. తప్పనిసరిగా రావాల్సినవి ఇవి:

- మొత్తం క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతమే పుట్టుకతో వచ్చిన హానికర జన్యు మార్పు వల్ల కలిగేవి.
- కణితిలో కనిపించిన మార్పు వేరు, పుట్టుకతో ఒంట్లోని అన్ని కణాల్లో ఉండే మార్పు వేరు. కణితి పరీక్షలో బీఆర్‌సీఏ (రొమ్ము, అండాశయ క్యాన్సర్లతో ముడిపడిన జన్యువులు) మార్పు కనిపిస్తే, అది పుట్టుకతో వచ్చిందో కాదో రక్తం లేదా లాలాజలంతో విడిగా తేల్చుకోవాలి.
- తల్లిదండ్రుల్లో ఒకరికి బీఆర్‌సీఏ లేదా లించ్ సిండ్రోమ్ (పెద్దపేగు, గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ల ముప్పు పెంచే వంశపారంపర్య స్థితి) మార్పు ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం. కొడుకైనా, కూతురైనా అంతే.
- మార్పు సంక్రమించడమంటే క్యాన్సర్ సంక్రమించడం కాదు. సంక్రమించేది ముప్పు.
- రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, పీఏఎల్‌బీ2. లించ్ సిండ్రోమ్‌కు ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2, ఈపీక్యామ్. మిగతా జన్యువులకు పట్టిక చూసుకోవచ్చు, బట్టీ పట్టక్కర్లేదు.

4. కుటుంబ చరిత్ర అడగడం

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెడితే "లేదండీ" అనే జవాబే వస్తుంది. చనిపోయిన నానమ్మ ఇప్పుడు ఇంట్లో లేదు కదా!

మూడు తరాల వంశవృక్షం గీయడం నేర్పండి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, క్యాన్సర్ వచ్చినవారికి లోపల నలుపు, చనిపోయినవారికి అడ్డగీత, మీ ఎదుట ఉన్న వ్యక్తికి బాణం గుర్తు, రక్తసంబంధంలో పెళ్ళి అయితే రెండు గీతలు. ఒక్కొక్కరి గురించీ నాలుగే ప్రశ్నలు: ఉన్నారా, వయసెంత (లేదా ఏ వయసులో పోయారు), క్యాన్సర్ ఏ అవయవంలో మొదలైంది, అప్పటికి వయసెంత.

తెలుగులో అడిగేటప్పుడు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. "పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్" అంటే ఆమె అమ్మకు అక్క కావచ్చు, పెదనాన్న భార్య కావచ్చు. పిన్ని, అత్త విషయంలోనూ ఇదే చిక్కు. ఒకరు రక్తసంబంధీకులు, ఇంకొకరు కారు. అందుకే ప్రతిసారీ "అమ్మకు సొంత అక్కా?", "నాన్నకు తోడబుట్టినదేనా?" అని అడిగి గీయమనండి.

అవయవం విషయంలోనూ అంతే. "కడుపు క్యాన్సర్" అన్న మాట కింద జీర్ణాశయం, పెద్దపేగు, అండాశయం ఏదైనా దాగి ఉండవచ్చు. "గర్భసంచి క్యాన్సర్" అంటే గర్భాశయ ముఖద్వారమా, లోపలి పొరా? ముఖద్వార క్యాన్సర్ ఎక్కువగా హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది, లోపలి పొర క్యాన్సర్ లించ్ సిండ్రోమ్‌కు సూచన కావచ్చు. బయాప్సీ రిపోర్టు దొరికితే అడగండి. లేకపోతే ఏ ఆపరేషన్ చేశారో అడగండి, అవయవం తెలిసిపోతుంది.

నాన్న వైపు వదిలేయడం ఇంకో పాత జబ్బు. బీఆర్‌సీఏ మార్పు తండ్రి నుంచి కూడా అదే పాళ్ళలో వస్తుంది. ఆడవాళ్ళు తక్కువగా ఉన్న కుటుంబంలో అది తరాల తరబడి కనబడకుండా సాగిపోవచ్చు.

వీటిలో ఒక్కటి కనిపించినా పరీక్ష గురించి ఆలోచించాలి:

☐ 50 ఏళ్ళలోపు రొమ్ము, పెద్దపేగు, లేదా గర్భాశయ లోపలి పొర క్యాన్సర్
☐ ఏ వయసులోనైనా ఎపిథీలియల్ (పైపొర కణాల రకం) అండాశయ క్యాన్సర్ (కుటుంబ చరిత్ర లేకపోయినా)
☐ ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, హెర్2 మూడు పరీక్షల్లోనూ లేదని తేలినది)
☐ మగవారిలో రొమ్ము క్యాన్సర్
☐ క్లోమ క్యాన్సర్, ఇతర భాగాలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్
☐ ఒకే వ్యక్తికి విడివిడిగా రెండు క్యాన్సర్లు
☐ కణితిలో మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీన్ల (డీఎన్‌ఏ నకలులో తప్పులు సరిచేసేవి) లోపం
☐ కుటుంబంలో ఇప్పటికే హానికర మార్పు బయటపడి ఉండటం

ఒక నియమం గట్టిగా నాటండి: వీలైతే ముందు క్యాన్సర్ వచ్చిన వ్యక్తికే పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న చెల్లెలికి చేసి "ఏమీ లేదు" అని వస్తే, ఆ కుటుంబంలో మార్పే లేదా, ఉండి ఆమెకు రాలేదా అన్నది తేలదు.

5. పరీక్షకు ముందు సంభాషణ: ఆరు మెట్లు

ఈ వరుస మార్చవద్దు. మొదట్లో కాగితం చూసి చెప్పినా ఫరవాలేదు.

మెట్టు 1: ముందు అడగండి. "ఈ పరీక్ష గురించి మీరేం విన్నారు? మీకు అన్నిటికంటే ఏది తెలుసుకోవాలని ఉంది?" ఒకామెకు తన చికిత్స ముఖ్యం, ఇంకొకామె మనసంతా కూతురి మీదే ఉంటుంది. అది తెలియకుండా మాట్లాడితే సగం మాటలు వృథా.

మెట్టు 2: మీకే ఎందుకు. "మీకు 42 ఏళ్ళకే వచ్చింది, మీ మేనత్తకూ అండాశయ క్యాన్సర్ వచ్చింది. అందుకని ఇది వంశంలో వచ్చినదేమో చూడాలనుకుంటున్నాం." గీసిన వంశవృక్షాన్ని చూపిస్తూ చెప్పాలి.

మెట్టు 3: ఏమేం తేలవచ్చు. మార్పు ఉండవచ్చు, లేకపోవచ్చు, ఏదో ఒక మార్పు కనిపించి దాని అర్థం ఇంకా తెలియకపోవచ్చు. ఈ మూడోది పరీక్షకు ముందే చెప్పి తీరాలి. ముందు చెప్పని అనిశ్చితి తర్వాత డాక్టరు మీద అపనమ్మకంగా మారుతుంది.

మెట్టు 4: దానివల్ల ఏం మారుతుంది. చికిత్స (బీఆర్‌సీఏ మార్పు ఉంటే కొన్ని క్యాన్సర్లలో ఒలాపరిబ్ లాంటి పార్ప్ నిరోధక మందులు, అంటే క్యాన్సర్ కణాలు తమ డీఎన్‌ఏను సరిచేసుకోకుండా అడ్డుకునేవి), ఆపరేషన్ ఎంపిక, ముందుజాగ్రత్త పరీక్షలు, బంధువులకు దొరికే అవకాశం.

మెట్టు 5: ఏ ఇబ్బంది రావచ్చు. బీమా, ఇంట్లో ఎవరికి చెప్పాలన్న తర్జనభర్జన, "నావల్లే పిల్లలకు వచ్చింది" అన్న బాధ. దీన్ని దాటేయడం చాలామంది డాక్టర్లకు అలవాటు. పేషెంటు భయపడతారేమో అంటారు గానీ, నా లెక్కలో భయపడేది డాక్టరే.

మెట్టు 6: నిర్ణయం. ఇప్పుడు చేయించుకోవచ్చు, తర్వాత చేయించుకోవచ్చు, వద్దనవచ్చు. వద్దన్నా చికిత్స ఆగదని స్పష్టంగా చెప్పాలి. ఫలితం ఎవరు, ఎప్పుడు, ఎలా చెబుతారో, తాను అందుబాటులో లేకపోతే ఎవరికి చెప్పమంటారో రాసుకోవాలి.

చివర్లో "అర్థమైందా?" అని అడగొద్దు. దానికి అందరూ తలూపుతారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్ళాక ఈ పరీక్ష గురించి మీ చెల్లెలికి ఏం చెబుతారు?" అని అడగమనండి. తప్పు చెబితే అది చెప్పినవాళ్ళ లోపం. మళ్ళీ చెప్పాలి.

క్యాన్సర్ అని తెలిసిన రోజే ఇదంతా కూర్చోబెట్టి చెప్పకండి. ఆపరేషన్ నిర్ణయానికి ఫలితం అవసరమై తొందర ఉంటే, ముఖ్యమైనంత చెప్పి, అనుమతితో నమూనా తీసుకుని, మిగతా మాటలకు ఇంకో రోజు పిలవండి.

6. అంకెలు చెప్పే పద్ధతి

శాతాలు, రెట్లు కలిపి చెబితే బుర్ర తిరుగుతుంది. ఎప్పుడూ వందమందినే లెక్కగా పెట్టుకోండి, రెండు వైపులా చెప్పండి.

2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, బీఆర్‌సీఏ1 మార్పు ఉన్న వందమంది స్త్రీలలో 80 ఏళ్ళు వచ్చేసరికి సుమారు 72 మందికి రొమ్ము క్యాన్సర్, 44 మందికి అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. బీఆర్‌సీఏ2 అయితే 69, 17. దాన్ని ఇలా చెప్పించండి: "ఈ మార్పు ఉన్న వందమందిని తీసుకుంటే, 80 ఏళ్ళు వచ్చేలోగా 72 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది, 28 మందికి రాదు. మీరు ఏ గుంపులో ఉంటారో ఇప్పుడు చెప్పలేం."

వయసు జోడించడం మరిచిపోకూడదు. 28 ఏళ్ళ అమ్మాయికి 72 అన్న అంకె వినబడితే అది వచ్చే ఏడాది ముప్పులా తోస్తుంది. "రాబోయే పదేళ్ళలో" ఎంతో విడిగా చెప్పాలి. అందుకే పట్టికలో పదేళ్ళకొక గడి పెట్టుకోండి.

7. ఫలితం చెప్పడం

"పాజిటివ్", "నెగటివ్" అన్న మాటలు వాడొద్దని మొదటి రోజే చెప్పండి. "పాజిటివ్" అంటే క్యాన్సర్ ఉందని వినేవాళ్ళు కోకొల్లలు. పరీక్షకు వచ్చిన ఆరోగ్యవంతులను "రోగి" అని రాయడం కూడా మానిపించండి.

హానికర మార్పు కనిపిస్తే: మొదటి వాక్యంలోనే విషయం. "మీ బీఆర్‌సీఏ1 జన్యువులో క్యాన్సర్ ముప్పును పెంచే మార్పు కనిపించింది." ఆ తర్వాత ఆగాలి. శిక్షణలో అందరికీ కష్టమయ్యేది ఈ ఆగడమే. అవతలివాళ్ళు మాట్లాడేదాకా లేదా పది దాకా మనసులో లెక్కపెట్టమనండి. ఆపైన ఈరోజు చేయాల్సినవి రెండు మూడు చాలు. రొమ్ము ఎంఆర్‌ఐ సాధారణంగా 25 ఏళ్ళ నుంచి, బీఆర్‌సీఏ1లో అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు తీసే ఆపరేషన్ పిల్లల్ని కనడం అయ్యాక 35-40 ఏళ్ళ మధ్య, లించ్‌లో ఏడాది రెండేళ్ళకోసారి కొలనోస్కోపీ... ఇవన్నీ ఒకే కూర్చోవడంలో కుమ్మరించకూడదు.

కుటుంబంలో తెలిసిన మార్పు ఈ వ్యక్తికి రాకపోతే: ఇది నిజమైన ఊరట. ఆ మార్పు వల్ల వచ్చే అదనపు ముప్పు లేదు, పిల్లలకు అది వెళ్ళదు. అందరికీ ఉండే మామూలు ముప్పు మాత్రం ఉంటుంది కాబట్టి మామూలు స్క్రీనింగ్ కొనసాగాలి. తోబుట్టువుకు వచ్చి తనకు రానందుకు అపరాధభావం కలగడం కూడా మామూలే. ఆ మాట ఎత్తితే ఆశ్చర్యపోకండి.

కుటుంబంలో ఏ మార్పూ తెలియకుండా "ఏమీ కనబడలేదు" అని వస్తే: ఇది పై దానితో సమానం కాదు. "మేం వెతికిన జన్యువుల్లో, మాకు తెలిసినంతలో కారణం దొరకలేదు. మీ కుటుంబ చరిత్ర మాత్రం అలాగే ఉంది. దాన్ని బట్టే జాగ్రత్తలు చెబుతాం." ఈ రెండింటినీ కలిపేయడం ప్రమాదకరమైన పొరపాటు.

అనిశ్చిత ప్రాముఖ్యమున్న మార్పు, రిపోర్టులో వీయూఎస్ అని ఉంటుంది: ల్యాబ్‌లు 2015 నాటి అమెరికా జన్యు వైద్య నిపుణుల సంఘం (ఏసీఎంజీ) మార్గదర్శకాల ప్రకారం మార్పులను హానికరం, బహుశా హానికరం, అనిశ్చితం, బహుశా హానిలేనిది, హానిలేనిది అని ఐదుగా వర్గీకరిస్తాయి. మధ్యలోనిది ఇది. దీన్ని బట్టి ఆపరేషన్ చేయకూడదు, ముప్పు తేల్చడానికి బంధువులకు పరీక్ష చేయకూడదు. తర్వాత స్పష్టత వచ్చినవాటిలో ఎక్కువ భాగం హానిలేనివిగానే తేలుతాయి.

దీనికి తయారైన సంభాషణ ఇచ్చి సాధన చేయించండి:

"డాక్టర్ గారూ, మార్పు ఉందని రాశారు కదా, మరి ఏమీ చేయనక్కర్లేదంటారేంటి?"

"ఉందమ్మా. కానీ అది హాని చేసేదని చెప్పడానికి ఆధారం లేదు. మనుషుల మధ్య ఇలాంటి తేడాలు చాలా ఉంటాయి, ఎక్కువ శాతం ఏ హానీ చేయవు. దీన్ని చూసి మీ చికిత్స మార్చం. మీ కుటుంబ చరిత్రను బట్టి చేయాల్సినవి మాత్రం చేస్తాం. ల్యాబ్ నుంచి కొత్త సమాచారం వస్తే మిమ్మల్ని పిలుస్తాం. ఫోన్ నంబరు మారితే మాకు చెప్పండి."

8. బంధువులకు చేరవేయడం

"మీవాళ్ళకు చెప్పండి" అని వదిలేస్తే చాలామంది చెప్పరు. ఎలా చెప్పాలో తెలియక. వంశవృక్షం ముందు పెట్టుకుని ఎవరెవరికి తెలియాలో కలిసి గుర్తు పెట్టండి: తోబుట్టువులు, 18 దాటిన పిల్లలు, తల్లిదండ్రులు, తర్వాత వాళ్ళ తోబుట్టువులు. మగవాళ్ళను వదలొద్దు. బీఆర్‌సీఏ2 ఉన్న మగవారికి ప్రోస్టేట్, క్లోమ, రొమ్ము క్యాన్సర్ ముప్పులున్నాయి.

ఉత్తరంలో జన్యువు పేరు, మార్పు కచ్చితమైన కోడ్, ఎక్కడ సంప్రదించాలో ఉండాలి. కోడ్ లేకపోతే బంధువుల ల్యాబ్ ఏం వెతకాలో తెలియక మళ్ళీ మొదటికొస్తుంది. పేషెంటు అనుమతి లేకుండా మీరే బంధువులకు ఫోన్ చేయకూడదు. "చెప్పను" అని భీష్మించుకుంటే అది మూడో అంచెకు వెళ్ళాల్సిన కేసు.

9. రోల్ ప్లే నడిపే తీరు

ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెట్టండి: మాట్లాడేవారు, పేషెంటు, గమనించేవారు. ఎనిమిది నిమిషాలు మాట, ఏడు నిమిషాలు స్పందన. స్పందనలో ముందు మాట్లాడినవారు, తర్వాత పేషెంటు పాత్ర వేసినవారు, చివర్న గమనించినవారు. "బాగుంది" అన్న మాట చెల్లదు. ఏ వాక్యం పనిచేసింది, ఏ వాక్యం దగ్గర ముఖం మారింది అన్నది చెప్పాలి.

ఎక్కడ తడబడ్డారో ఆ ఒక్క నిమిషాన్ని వెంటనే మళ్ళీ ఆడించండి. శిక్షణలో అసలు పని జరిగేది ఈ రెండో ప్రయత్నంలోనే. సమయం చాలక దీన్ని కోసేస్తే మిగిలేది నాటకమే.

కేసులు తేలికవి ముందు, చిక్కువి తర్వాత:

- అండాశయ క్యాన్సర్ ఉన్న 58 ఏళ్ళ ఆమె. కుటుంబ చరిత్ర లేదు. "మరి నాకెందుకు ఈ పరీక్ష?"
- పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన 44 ఏళ్ళ ఆయన. తమ్ముడితో మాటల్లేవు.
- వీయూఎస్ వచ్చిన 36 ఏళ్ళ ఆమె. రెండు రొమ్ములూ తీసేయమని పట్టుబడుతోంది.
- ఇంటి కిట్‌తో పరీక్ష చేసుకుని "నాకేం లేదు" అని వచ్చిన అమ్మాయి. (అమెరికాలో 2018లో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఇంటి పరీక్ష అప్పట్లో మూడు బీఆర్‌సీఏ మార్పులనే చూసేది, 2023లో అవి 44 అయ్యాయి. తెలిసిన మార్పులు వెయ్యికి పైనే.)
- భార్య తరఫున అన్ని జవాబులూ తానే చెప్పే భర్త. ఆమెతో విడిగా మాట్లాడటానికి దారి ఎలా చేసుకుంటారు?

10. తరచూ కనిపించే తప్పులు, సవరణలు

"మీ స్థానంలో నేనుంటే చేయించుకుంటాను" అనడం. అడిగినా అనొద్దు. "నిర్ణయానికి మీకు అడ్డుగా ఉన్నదేంటో చెప్పండి" అని తిప్పండి.

ఊరడింపుతో మొదలుపెట్టడం. "కంగారుపడకండి" అనగానే కంగారు మొదలవుతుంది. విషయం ముందు, ఊరట తర్వాత.

అనుమతి పత్రాన్ని చదివి వినిపించి సంతకం పెట్టించుకోవడం. పత్రం సంభాషణ అయిపోయాక బయటికి రావాలి.

వంశవృక్షాన్ని ఒక్కసారి గీసి ఫైల్లో పడేయడం. కుటుంబంలో కొత్త క్యాన్సర్లు వస్తూనే ఉంటాయి. ప్రతి ఫాలో అప్‌లో "పోయినసారి తర్వాత ఇంట్లో ఎవరికైనా కొత్తగా వచ్చిందా?" అని అడిగించండి.

తెలియని ప్రశ్నకు అప్పటికప్పుడు ఏదో చెప్పేయడం. "కనుక్కుని గురువారంలోగా ఫోన్ చేస్తాను" అన్న వాక్యాన్ని కూడా సాధనలో పలికించండి. సీనియర్లకే ఇది ఎక్కువ అవసరం.

11. పనిలోకి దించడం, ఆ తర్వాత

రాత పరీక్షతో సర్టిఫికెట్ ఇవ్వకండి. అసలు పేషెంట్లతో, వాళ్ళ అనుమతితో, అనుభవజ్ఞులు పక్కన కూర్చుని చూశాక ఒంటరిగా వదలండి. పరీక్షకు ముందు సంభాషణలు మూడు, ఫలితం చెప్పడం రెండు, అందులో ఒకటి అనిశ్చిత ఫలితం. ఇది కనీసం.

గమనించేవారి చేతిలో ఈ పట్టీ ఉండాలి:

☐ ముందు అడిగారా, తర్వాత చెప్పారా
☐ నాన్న వైపు కూడా గీశారా
☐ అనిశ్చిత ఫలితం గురించి ముందే చెప్పారా
☐ వద్దనే హక్కు ఉందని చెప్పారా
☐ అంకెలను వందమంది లెక్కలో, వయసుతో చెప్పారా
☐ తిరిగి చెప్పించారా
☐ ఫలితం చెప్పాక ఆగారా
☐ బంధువుల జాబితా తయారైందా

మూడు నెలలకోసారి ఫైళ్ళు తీసి చూడండి. అర్హత ఉన్నవాళ్ళలో ఎంతమందికి పరీక్ష ప్రస్తావన వచ్చింది, వచ్చిన ఫలితాల్లో ఎన్ని ఇంకా చెప్పకుండా ఉన్నాయి, హానికర మార్పు ఉన్న కుటుంబాల్లో ఎంతమంది బంధువులు పరీక్షకు వచ్చారు. వీయూఎస్ వచ్చినవాళ్ళ జాబితా విడిగా ఒకటి ఉంచి, దాన్ని ఏడాదికోసారి ల్యాబ్‌తో సరిచూసే బాధ్యతను పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. ఆ మనిషి బదిలీ అయిన రోజే జాబితా కూడా ఇంకొకరి చేతికి వెళ్ళాలి.